ఇస్తానన్న ఆదివారం

ఆదివారం నాడు తన పనిని ఇంకొకరి చేత చేయించేవాడు ఆ రోజును పాటించినట్టా, పాటించనట్టా?

ఎలీషాకు ఈ సందేహం ఈనాటిది కాదు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బైబిలు చంకలో పెట్టుకుని గుడికి బయలుదేరే ప్రతి ఆదివారం అది గుమ్మం దాకా వచ్చి సాగనంపేది. పాటలు మొదలయ్యాక కాసేపు కనిపించేది కాదు. ప్రసంగం మధ్యలో మెల్లగా వచ్చి మళ్ళీ పక్కన కూర్చునేది. ఒకసారి పాస్టరుగారిని అడిగాడు కూడా. ఆయన నవ్వి, "నీ మనసు ఎక్కడుంటే నువ్వక్కడ ఉన్నట్టేనయ్యా" అన్నారు. మనసు సంగతి సరే, పని సంగతేమిటని అడగబోయి, పెద్దాయనను గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

ఎలీషా పనిచేసేది గుంటూరు దాటాక చిలకలూరిపేట రోడ్డులో ఉన్న పుష్కల కోల్డ్ స్టోరేజీలో. ధర వచ్చేదాకా అమ్మకుండా దాచుకోవాలనుకున్న రైతులూ, వ్యాపారులూ మిరపకాయల బస్తాలు తెచ్చి అక్కడి చల్లటి గదుల్లో పెట్టుకుంటారు. సరుకు లోపలికి చేరినట్టు కంపెనీ ఒక బాండు ఇస్తుంది. ఆ బాండు చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది. ఎవరి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో, ఏ రోజున ఏ వేళకు వచ్చాయో, అన్నీ కంప్యూటర్లోని డేటాబేస్‌లో ఉంటాయి. గుమాస్తాలు తెర మీది ఖాళీలు నింపగలరు, అంతే. లోపలికి దిగి, ఒకసారి ఎక్కిన వివరాన్ని మార్చగలిగే అధికారం అడ్మిన్ అనే ఒక్క లాగిన్‌కే ఉంది. ఆ లాగిన్ ఎలీషా పేరు మీద ఉంది.

చిక్కల్లా ఆదివారంతోనే. మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం ధర నచ్చనివాళ్ళంతా ఆ రెండు రోజులూ లారీలు కట్టుకుని కోల్డ్ స్టోరేజీకే వస్తారు. సీజన్లో ఆదివారం సాయంత్రం గేటు ముందు నిలబడితే ఘాటుకు కళ్ళు నీళ్ళు కారి, ఎదుటి మనిషి ఎవరో పోల్చుకోవడం కూడా కష్టమే. అలాంటి రోజున అడ్మిన్ లేకపోతే ఎలా?

ఎలీషా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ముడిని విప్పింది అకౌంట్సు చూసే రాధాకృష్ణమూర్తిగారు. "నువ్వు గుడికి పోయి రావయ్యా. ఆదివారం నేను కూర్చుంటాలే. నీ పాస్‌వర్డ్ ఏదో చెప్పి వెళ్ళు" అన్నారు. ఎలీషా చెప్పాడు. బెత్లెహేము. అప్పట్నుంచి ప్రతి ఆదివారం సంధ్యవార్చుకుని, విభూతి పెట్టుకుని వచ్చిన మూర్తిగారు బెత్లెహేము అని కొట్టి, ఎలీషాగా లోపలికి వెళ్ళేవారు.

ఎలీషా సంఘపెద్ద అయ్యాక ఒకసారి గుడిలో సాక్ష్యం చెప్పాడు. "నేను ఆదివారం కీబోర్డు ముట్టను. అయినా దేవుని దయవల్ల ఇన్నేళ్ళలో ఒక్క పనీ ఆగలేదు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికి వచ్చాక భార్య మహిమ అన్నం వడ్డిస్తూ, "దేవుడి దయతో పాటు మూర్తిగారి పేరు కూడా ఒక్క ముక్క చెప్తే మీ సాక్ష్యానికి ఏమైనా తరుగొచ్చేదా?" అంది. మహిమ మున్సిపల్ స్కూల్లో లెక్కల టీచరు. లెక్కలో ఏది వదిలేసినా ఊరుకోదు.

* * *

ఆ ఏడు సీజను మొదట్లో బ్యాంకువాళ్ళు ఒక షరతు పెట్టారు. బాండ్ల మీద అప్పులు ఇవ్వాలంటే, కంప్యూటర్ లోపలి వివరాలను అడ్మిన్ ఏం చేస్తున్నాడో కనిపెట్టే ఏర్పాటు ఉండాలన్నారు. దానికోసం విజయవాడ నుంచి ఆడిట్ కంపెనీ తరఫున ఖుర్షిదా అనే అమ్మాయి వచ్చింది. సొంత ఊరు చీరాల. చిన్న వయసే గానీ మాట నిదానం.

"మీరు లోపల ఏది ముట్టుకున్నా, ఏది ఉండేది, ఏదిగా మార్చారు, ఎన్నింటికి మార్చారు అన్నది ఇంకో చోట పడుతుంది సార్. దాన్ని మీరు కూడా తుడపలేరు" అని ఎలీషాకు చెప్పింది.

ఎలీషాకు మనసు చివుక్కుమంది. "అంటే నేను దొంగనా అమ్మా?"

"ఇంటికి తాళం వేసేటప్పుడు ఇంట్లోవాళ్ళు దొంగలని వేస్తామా సార్?"

"తాళం బయటివాళ్ళకి వేస్తాం. ఇది నా నెత్తిన పెడుతున్నారు."

ఆ అమ్మాయి నవ్వేసి తన పని తను చేసుకుపోయింది. ఎలీషా ఆ వారమంతా ముభావంగా ఉన్నాడు. పైన దేవుడు చూస్తున్నాడని తెలిసినవాడికి మళ్ళీ ఈ చూపెందుకు? దేవుడి చూపు వల్ల తను మంచివాడయ్యాడా, జాగ్రత్తపరుడయ్యాడా? ఇలా ఒక సందేహం వెనక ఇంకో సందేహం వరసకట్టాయి. తర్వాత్తర్వాత అలవాటుపడి మరిచిపోయాడు. ఆదివారాల సంగతి ఆ అమ్మాయికి చెప్పాలన్న ఆలోచన అతనికి రాలేదు. గాలి పీల్చుకోవడం గురించి ఎవరికైనా చెప్తామా? అదీ అంతే.

సీజను చివర్లో ఖుర్షిదా మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. కంప్యూటర్ గది తలుపు దగ్గరగా వేసి, ఎలీషా ముందు కొన్ని కాగితాలు పరిచింది.

"ఈ మార్పులు మీరు చేశారా సార్?"

ఎలీషా చూశాడు. లారీ గేటులోకి వచ్చి కాటా మీద తూకం వేయగానే కంప్యూటర్ తనంతట తానే వేళను ఎక్కించుకుంటుంది. ఆ వేళను ఎవరో లోపలికి దిగి మార్చారు. అయిదూ పది అని ఉన్నది నాలుగూ ఇరవై అయింది. అయిదున్నర అని ఉన్నది నాలుగూ పాతిక అయింది. కాగితం నిండా అవే. మార్చినవాడి పేరు ప్రతి వరసలోనూ ఎలీషా.

"కాటా చీటీలో అయిదూ పది. బాండులో నాలుగూ ఇరవై. అంటే లారీ గేటు దాటకముందే సరుకు లోపల ఉన్నట్టు బాండు ఇచ్చేశారు" అంది ఖుర్షిదా. "సరుకు లేకుండా బాండ్లు పుట్టించి అప్పులు తినేవాళ్ళను బ్యాంకు చాలామందిని చూసింది సార్. ఇది చూడగానే వాళ్ళు అప్పులు ఆపేశారు. నిన్నట్నుంచి ఇక్కడి బాండు మీద ఎవరికీ రూపాయి పుట్టడం లేదు. రైతులు గేటు దగ్గర గొడవ చేస్తున్నారు, వినపడటం లేదా?"

వినపడుతూనే ఉంది.

"ఓనరు గారు సోమవారం మిమ్మల్ని అడుగుతారు. మీరు సరైన జవాబు చెప్పకపోతే పోలీసు రిపోర్టు ఇస్తామంటున్నారు. ఈలోగా గుర్తు తెచ్చుకోండి."

ఆమె వెళ్ళాక ఎలీషా తేదీలు చూశాడు. అన్నీ ఆదివారాలు.

* * *

"ఆదివారం సాయంత్రాలు ఎవరైనా టైమెందుకు మారుస్తారు?" అన్నాడు ఎలీషా ఇంట్లో కంచం ముందు కూర్చుని. అన్నం కలుపుతున్నాడే గానీ తినడం లేదు. "సరుకు మార్చలేదు. బస్తాల లెక్క మార్చలేదు. రైతు పేరు మార్చలేదు. టైమొక్కటే."

మహిమ ఆ కాగితం తీసుకుని చూసింది. లెక్కల టీచరు కదా, వేలితో ఒక్కో వరసా దిగుతూ వచ్చింది. "మార్చకముందు ఉన్నవన్నీ నాలుగున్నరకీ ఆరింటికీ మధ్యలో ఉన్నాయి. మార్చాక అన్నీ నాలుగున్నరకు ముందే ఉన్నాయి" అంది. ఒక్కసారిగా పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. నవ్వుతోంది.

"ఏంటే? నా ఉద్యోగం పోతుంటే నీకు నవ్వొస్తోందా?"

"రాహుకాలం అండీ! ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. మా స్కూల్లో మనోజ్ఞ టీచరు ఆ టైములో కొత్త పెన్ను మూత కూడా తియ్యదు. అయ్యో దేవుడా! సంఘపెద్ద ఎలీషాగారు ప్రతి ఆదివారం రాహుకాలం దాటించి బాండ్లు ఇస్తున్నారు!"

ఎలీషాకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఈ పని చేసినదెవరో చెప్పాలంటే ఇప్పుడు ఒక్క మాట చాలు. ఆదివారం తను ఎక్కడుంటాడో సంఘమంతా సాక్ష్యం చెప్తుంది. తను బయటపడతాడు. మూర్తిగారు మునిగిపోతారు. వచ్చే ఏడాది రిటైరవ్వాల్సిన మనిషి.

"మరి మీదే పొరపాటని ఒప్పుకుంటారా?" అంది మహిమ, నవ్వు ఆపుకుని.

"అది అబద్ధం కదా."

"నిజం చెప్తారా?"

"ఇన్నేళ్ళు నా ఆదివారాలు మోసిన మనిషిని ఎలా పట్టిస్తానే?"

మహిమ కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

* * *

మర్నాడు సాయంత్రం ఎలీషా మూర్తిగారింటికి వెళ్ళాడు. అరండల్‌పేటలో పాత మేడ మీద రెండు గదులు. మూర్తిగారు వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎలీషాను చూడగానే లేచారు. అడగకుండానే సంగతి అర్థమైనట్టు ముఖం పాలిపోయింది.

"మొదటిసారి ఒక ముసలామె కోసం చేశానయ్యా" అన్నారు. "కొడుకు పోయిన ఏడు. కౌలు చేలో పండించి, లారీ చెడిపోయి, అయిదింటికి వచ్చింది. బాండు చేతిలోకి తీసుకుని బావురుమంది. పంతులూ, కొడుకును తీసుకుపోయింది చాలదని నా కాయల మీద కూడా రాహువును కూర్చోబెట్టావా అంది. నాకు ప్రాణం ఒప్పలేదు. టైము ఒక గంట ముందుకు జరిపి వేరే బాండు ఇచ్చాను. ఆమె దండం పెట్టుకుని వెళ్ళింది. ఆ నోటా ఈ నోటా పాకింది. పంతులుగారూ నాదీ కాస్త చూడండి అని అందరూ మొదలెట్టారు. తర్వాత్తర్వాత అడక్కుండానే నేనే మార్చేసేవాణ్ణి. ఎవరి దగ్గరా అరటిపండు కూడా పుచ్చుకోలేదు."

"మీరు నమ్ముతారా మూర్తిగారూ, రాహుకాలం?"

"నా నమ్మకం ఎవడిక్కావాలి? ఏడాది కష్టం లారీలో వేసుకొచ్చినవాడు భయపడుతున్నాడు. ఒక అంకె మారిస్తే ఆ భయం పోతుంది. అంకెకి నొప్పేమిటి అనుకున్నాను. దానికి ఇంత నొప్పి ఉందని ఎవరికి తెలుసు?" ఆయన దగ్గరకు జరిగి గొంతు తగ్గించారు. "ఎలీషా, నువ్వొక్క మాట అనేసెయ్యి. కంప్యూటర్ తప్పు అనెయ్యి. గడియారం పాడైందనెయ్యి. నీ మాట నమ్ముతారు. నా గ్రాట్యుటీ ఆగిపోతే నేనూ, కామేశ్వరీ ఏం తినాలి?"

లోపల్నుంచి కాఫీ గ్లాసులతో కామేశ్వరిగారు వచ్చారు. ఆవిడ సన్నగా, చురుగ్గా ఉంటుంది. మాట ఎప్పుడూ సూటిగానే వస్తుంది.

"బావుందండీ వరస. ఆయన చేత అబద్ధం ఆడిస్తారా? పొద్దున లేస్తే ప్రార్థన చేసుకునే మనిషి చేత?"

"నువ్వు ఊరుకోవే."

"ఎందుకూరుకోవాలి? మీరు ఊరందరి రాహుకాలాలూ దాటించారు. నా పౌర్ణమి ఒక్కటి దాటించలేకపోయారు." ఆవిడ గ్లాసు ఎలీషా చేతికిచ్చింది. "చెప్తున్నానని ఏమీ అనుకోకండి ఎలీషాగారూ. కరోనా రాకముందు మాఘంలో పౌర్ణమి ఆదివారం వచ్చింది. చీరాల దగ్గర వాడరేవులో సముద్రస్నానం చేయాలని నా కోరిక. పెళ్ళైన కొత్తలో మా అత్తగారితో వెళ్ళాను, మళ్ళీ లేదు. ఈయన మిమ్మల్ని ఒక్క ఆదివారం అడిగారు. ఆ రోజు గుడిలో బాప్తిస్మాలున్నాయి, వచ్చే ఆదివారం తప్పకుండా ఇస్తానన్నారట మీరు. వచ్చే ఆదివారం పౌర్ణమి ఉంటుందా? ఆ ఇస్తానన్నది కూడా మళ్ళీ రాలేదు."

ఎలీషా చేతిలో కాఫీ చల్లారింది. ఆ మాట తను అన్నాడు. అన్నట్టు జ్ఞాపకం కూడా లేదు. మూర్తిగారు మళ్ళీ ఎత్తలేదు కాబట్టి, అది లేనట్టే అయిపోయింది.

"కంప్యూటర్ తప్పు అనలేను మూర్తిగారూ" అన్నాడు లేస్తూ. "మీ పేరు కూడా నా నోటితో చెప్పలేను. ఏం చెప్తానో నాకే తెలియడం లేదు."

మెట్లు దిగుతుంటే వెనక కామేశ్వరిగారి గొంతు వినపడింది. "సోమవారం ఆయన ఒక్కడే వెళ్ళి నిలబడితే మీరు ఈ ఇంట్లో ఏ ముఖంతో తింటారో నేనూ చూస్తాను."

* * *

సోమవారం ఓనరు గారి గదిలో ఏసీ గట్టిగా తిరుగుతోంది. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, కింద దీపం. ఓనరు గారు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. ఖుర్షిదా ఒక పక్కన కూర్చుంది. ఎలీషా నిలబడ్డాడు.

"చెప్పవయ్యా" అన్నారు ఓనరు గారు. "ఈ టైములు నువ్వెందుకు మార్చావు?"

"పేరు నాదండి. పాస్‌వర్డ్ నాది. దాన్ని ఇంకొకరికి ఇచ్చిన తప్పు కూడా నాదే. చెయ్యి మాత్రం నాది కాదు. ఆదివారాలు నేను గుడిలో ఉంటాను."

"మరి ఎవరిదా చెయ్యి?"

"అది ఆ మనిషే చెప్పాలండి. నేను చెప్పలేను. దానికి నన్ను తీసేస్తే తీసెయ్యండి."

"తీసెయ్యడంతో పోదయ్యా! బయట రైతులు నా పీక మీద కూర్చున్నారు!"

ఖుర్షిదా చెయ్యెత్తింది. "ఒక్క నిమిషం సార్. ఎవరో తర్వాత చూద్దాం. ఎందుకో నాకు నిన్ననే తెలిసింది. చీరాల్లో మా నాన్నకు చీరల కొట్టు ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగున్నర దాటితే ఎంత పెద్ద బేరమైనా నడిచేది కాదు. ఆరు దాటాక తోసుకుంటూ వచ్చేవాళ్ళు. మేం ఆ గంటన్నరలో నమాజు చేసుకుని, టీ తాగి, హోంవర్క్ కూడా చేసుకునేవాళ్ళం." ఆమె కాగితం ఓనరు గారి వైపు తిప్పింది. "ఇది దొంగతనం కాదు సార్. రాహుకాలం."

ఓనరు గారి వేళ్ళు బల్ల మీద ఆగిపోయాయి. కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరగా చూశారు. మొదటి వరసలో పేరు చదివి, "మా బావమరిది సరుకు కూడా ఉందే" అన్నారు గొణుగుతున్నట్టు.

"మీరే ఫోన్ చేసి చెప్పారండి, కాస్త చూసి వెయ్యండి పంతులుగారూ అని."

మాట వాకిట్లోంచి వచ్చింది. మూర్తిగారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఉతికిన పంచె, నుదుట విభూతి. ఆయన వెనక వరండాలో కామేశ్వరిగారు బెంచీ మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఇటే చూస్తోంది.

"ఆ చెయ్యి నాదండి" అన్నారు మూర్తిగారు. "ఎలీషాకు ఏమీ తెలియదు. నేను అతని పేరు చాటున కూర్చుని చేశాను."

ఓనరు గారు ఒకసారి మూర్తిగారిని, ఒకసారి తన ఫోన్‌ను, ఒకసారి గోడ మీది పటాన్ని చూశారు. తిట్టాలని నోరు తెరిచి, ఎక్కడ మొదలుపెట్టినా బావమరిది దగ్గరికే వచ్చేలా ఉందని కాబోలు, మంచినీళ్ళు తాగారు.

"ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నారు ఖుర్షిదాతో.

"మార్చకముందు ఏముందో అంతా భద్రంగా ఉంది సార్. ఈ ఏర్పాటు పెట్టింది అందుకే. అసలు టైములు మళ్ళీ వేస్తాం. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు సరిచేశారు అన్నీ దాచకుండా బ్యాంకుకు ఇస్తాం. వాళ్ళ మనుషులు వచ్చి గదుల్లో బస్తాలు లెక్కపెట్టుకుంటారు. సరుకు ఉంటే భయం లేదు. అంతకుముందు ఏళ్ళవి కూడా కాటా చీటీలతో సరిచూడాలి. పని చాలా ఉంది." ఆమె మూర్తిగారి వైపు తిరిగింది. "ఇకమీదట ఎవరైనా రాహుకాలంలో వద్దంటే, లారీని గేటు బయట ఆపించండి మాస్టారూ. కంప్యూటర్లో టైము ముట్టుకోకండి."

"అలాగేనమ్మా" అన్నారు మూర్తిగారు. ఆయనకు ఆ ఉపాయం ఎందుకు తట్టలేదో ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

బ్యాంకువాళ్ళు వచ్చి, స్వెట్టర్లు వేసుకుని గదులన్నీ తిరిగి, తుమ్ముతూ బయటికి వచ్చారు. బస్తాలన్నీ ఉన్నాయి. అప్పులు మళ్ళీ మొదలయ్యాయి. గేటు దగ్గర గొడవ సద్దుమణిగింది. మూర్తిగారికీ, ఎలీషాకీ చెరొక హెచ్చరిక కాగితం వచ్చింది. మూర్తిగారి గ్రాట్యుటీ జోలికి ఎవరూ పోలేదు. పాత కాటా చీటీలు సరిచూసే పని మాత్రం ఆయన మీదే పెట్టారు. ఆ ఎండాకాలమంతా ఆయన మిరపఘాటు పట్టిన చీటీల కట్టలు విప్పుతూ, తుమ్మినప్పుడల్లా రాహువును తిట్టుకున్నారు.

* * *

ఖుర్షిదా వెళ్ళేముందు ఇద్దరికీ వేరు వేరు లాగిన్లు ఇచ్చింది. మూర్తిగారి పాస్‌వర్డ్ మూర్తిగారిదే. "ఇన్నేళ్ళు ప్రతి ఆదివారం మీ ప్రభువు పుట్టిన ఊరి పేరు తలుచుకున్నానయ్యా, ఇప్పుడు చెయ్యి అటే పోతోంది" అని ఆయన నవ్వారు.

"ఇప్పటికీ కోపమేనా సార్, మీ నెత్తిన ఈ ఏర్పాటు పెట్టానని?" అని ఆ అమ్మాయి ఎలీషాను అడిగింది.

ఎలీషా ఆలోచించాడు. "అది లేకపోతే ఆ టైములన్నీ ఎప్పటికీ నావే అయి ఉండేవి" అన్నాడు. "ఇంకా ఆలోచిస్తున్నానమ్మా."

ప్రతి సోమవారం అడ్మిన్లు చేసిన పనుల జాబితా ఓనరు గారికి వెళుతుంది. దాని నకలు ఎలీషాకూ వస్తుంది. మొదటి సోమవారం దాన్ని తెరిచి చూశాడు. ఆదివారం పొద్దున్నే మూర్తిగారు. మధ్యాహ్నం మూర్తిగారు. సాయంత్రం మూర్తిగారు. ఏ మార్పూ లేదు, అంతా సవ్యంగా ఉందని సరిచూసుకున్న గుర్తులే. తను గుడిలో పాడుతున్న వేళ ఒక మనిషి ఇక్కడ మిరపఘాటులో కూర్చుని ఉన్నాడని ఎలీషాకు ఎప్పుడూ తెలుసు. తెలియడం వేరు, ఆ మనిషి పేరు వరసగా కిందికి దిగుతూ కనిపించడం వేరు. తన సందేహానికి జవాబు ఎవరో ఎదురుగా రాసి పెట్టినట్టు అనిపించి, ఆ తెరను వెంటనే మూసేశాడు. మళ్ళీ తెరిచాడు.

మరుసటి మాఘమాసం దగ్గరపడుతుంటే క్యాలెండరు చూశాడు. పౌర్ణమి ఆదివారమే వచ్చింది.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఈసారి మొహమాటపడకుండా అడిగాడు. "అయ్యగారూ, ఆ రోజు నేను డ్యూటీలో కూర్చోవాలనుకుంటున్నాను. మా మూర్తిగారికి ఒక ఆదివారం బాకీ ఉన్నాను. తప్పా?"

"తెల్లవారుజాము ఆరాధనకు రా" అన్నారు పాస్టరుగారు. "అటునుంచి అటే వెళ్ళు. తప్పా ఒప్పా అని నన్నడగకు. వెళ్ళొచ్చి నువ్వే నాకు చెప్పు."

మూర్తిగారు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "నీకెందుకయ్యా, ఏదో ఆడది అన్న మాట. రిటైరయ్యాక నింపాదిగా వెళ్తాం."

"రిటైరయ్యాక మీరు వెళ్తే అది మీ ఆదివారం. నేను ఇస్తానన్నది ఇవ్వాలి కదండీ."

"గుడి పోతుందే నీకు!"

"గుడి ఎక్కడికీ పోదు. మీరు బయలుదేరండి. చీరాల బస్సు అయిదింటికే ఉంది."

ఆ ఆదివారం మంచు ఇంకా విడవకముందే ఎలీషా ఆరాధన నుంచి బయటికి వచ్చాడు. మహిమ డబ్బాలో ఇడ్లీలు పెట్టి చేతికిచ్చింది. "సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఈసారి నన్ను కూడా కలపండి" అంది. కంప్యూటర్ గది తాళం తీసి, దేవుడికి చిన్న ప్రార్థన చేసుకుని, తన పేరు కొట్టి లోపలికి వెళ్ళాడు. ఆదివారం నాడు ఆ పేరుతో తనే లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. కొత్త పంట లారీలు అప్పుడే ఒకటీ అరా వస్తున్నాయి. గుమాస్తా ఒక రైతు పేరు తప్పు ఎక్కించాడని పరుగెత్తుకొచ్చాడు. ఎలీషా కాటా చీటీ చూసి, సరిచేసి, ఎందుకు సరిచేశాడో పక్కన రాశాడు. పని చేస్తుంటే అతనికి బరువుగా లేదు. గుడి గుర్తొచ్చింది. పాట ఒకటి నోట్లోనే ఆడింది.

పొద్దెక్కాక ఫోన్ మోగింది. అవతల హోరు. మొదట ఏమీ వినపడలేదు.

"ఎలీషా! వినపడుతోందా? సముద్రమయ్యా! ఈవిడ బయటికి రానంటోంది. మూడు మునకలని చెప్పి ఎన్ని వేసిందో లెక్కే లేదు. పడవలవాళ్ళు నవ్వుతున్నారు!"

"రానీయకండి మూర్తిగారూ. సాయంత్రం దాకా ఉండండి. ఇక్కడ నేనున్నాను."

ఫోన్ చేతులు మారింది. కామేశ్వరిగారు ఊపిరి ఆడనట్టు, చిన్నపిల్లలా నవ్వుతోంది.

"అన్నయ్యగారూ" అంది. ఆవిడ ఎప్పుడూ అలా పిలవలేదు. "మీరు ఇస్తానన్న ఆదివారం నాకు ముట్టింది."